‘చాలు’ అనాల్సింది ఎవరు?

ఆల్బర్ట్ మేయిజెల్స్, బ్రాడ్లీ కప్లాన్ తీసిన ‘మహమ్మద్ అండ్ లారీ’ గంటలోపే అయిపోయే డాక్యుమెంటరీ. 1980లో మహమ్మద్ అలీ రిటైర్మెంట్ పక్కనపెట్టి లారీ హోమ్స్‌తో తలపడడానికి తయారవుతున్నప్పుడు ఆల్బర్ట్, అతని తమ్ముడు డేవిడ్ ఇద్దరు బాక్సర్ల దగ్గరా కెమెరాతో తిరిగారు. అలీ గెలిచి ఉంటే ఆ సినిమా అప్పుడే వచ్చేదేమో. అతను ఘోరంగా ఓడిపోయాడు. ఆ రీళ్ళు దాదాపు ముప్ఫై ఏళ్ళు అలా పడి ఉన్నాయి. చివరికి 2009లో ఈఎస్‌పీఎన్ ‘30 ఫర్ 30’ సిరీస్ కోసం కొత్త ఇంటర్వ్యూలు కలిపి బయటికి తెచ్చారు.

ఫలితం మనకి ముందే తెలుసు కాబట్టి, పెన్సిల్వేనియాలోని డీర్ లేక్ శిబిరంలో అలీ వేసే జోకులు మనకి వేరేగా వినిపిస్తాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటారు. మనం మాత్రం అతని మాటలో వచ్చిన మందకొడితనాన్ని వింటుంటాం. ఈ తేడాయే సినిమాకి ప్రాణం.

అసలు అలీ మళ్ళీ రింగ్‌లోకి రావాల్సిందా? 1978లో లియాన్ స్పింక్స్ మీద గెలిచి మూడోసారి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడాది రిటైరయ్యాడు. అంతకన్నా అందమైన ముగింపు ఎవరికుంటుంది? కానీ 38 ఏళ్ళ వయసులో, ఒకప్పుడు తన స్పారింగ్ పార్ట్‌నర్‌గా ఉన్న హోమ్స్ మీదికి వెళ్ళాడు. హోమ్స్‌కి అప్పటికి 30. ఒక్క పోటీ కూడా ఓడిపోలేదు.

‘ఒళ్ళు అతనిది, ఇష్టం అతనిది’ అనే వాదన ఒకటుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 1994లో జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్ళ వయసులో మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో పడగొట్టి మళ్ళీ చాంపియన్ అయ్యాడు. ముసలాడివి, ఇంట్లో కూచో అన్నవాళ్ళంతా ఆ రాత్రి నోరు మూసుకున్నారు. అయితే ఫోర్‌మన్ గెలుపు ఫోర్‌మన్‌ది. అది అలీకి సర్టిఫికెట్ కాదు. లాటరీ తగిలినవాడిని చూపించి టికెట్ కొనమన్నట్టుంటుంది.

నా దృష్టిలో వయసుకన్నా, గెలిచే అవకాశంకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటుంది. ఆ పోటీ జరక్కపోతే ఏమీ నష్టపోని మనిషి ఒక్కడైనా అలీ పక్కన ఉన్నాడా? డాక్టర్ ఫెర్డీ పచేకో ఇక ఆపమని చెప్పి, వినకపోతే 1977లోనే వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో చాలామందికి అలీ పోరాటమే బతుకుతెరువు. అలీకి మాటిచ్చిన మొత్తం 80 లక్షల డాలర్లు, చాంపియన్ హోమ్స్‌కన్నా చాలా ఎక్కువ. జూలైలో మేయో క్లినిక్ పరీక్షించింది. వేలితో ముక్కు తాకడంలో, ఒంటికాలి మీద గెంతడంలో, మాట్లాడడంలో కొంచెం ఇబ్బంది ఉందని రాసింది. అయినా పోటీకి అడ్డు చెప్పేంతది ఏమీ లేదని తేల్చింది. నెవాడా రాష్ట్రం లైసెన్స్ ఇచ్చేసింది. థైరాయిడ్ మందులతో బరువు తగ్గి, జుట్టుకి రంగేసుకున్న అలీని చూసి అందరూ పాత అలీ వచ్చాడనుకున్నారు. లోపల సత్తువ లేదు.

అక్టోబర్ 2న లాస్ వేగస్ సీజర్స్ ప్యాలెస్‌లో జరిగిందాన్ని పోటీ అనడం కష్టం. ముగ్గురు జడ్జీల్లో ఏ ఒక్కరూ అలీకి ఒక్క రౌండ్ కూడా ఇవ్వలేదు. పది రౌండ్ల తర్వాత ట్రైనర్ ఏంజెలో డండీ ఆపించాడు. ‘చాలు’ అన్న మాట అప్పటికిగానీ ఒక మనిషి నోట రాలేదన్నమాట.

సినిమా పేరులో లారీ కూడా ఉండడం ఊరికే కాదు. తను ఆరాధించినవాణ్ణి తన చేత్తోనే కొట్టాల్సి రావడం హోమ్స్ బాధ. గెలిచీ ఏడ్చాడు. కొడితే కసాయివాడు, కొట్టకపోతే మోసగాడు. జనం మాత్రం అలీని ఓడించినందుకు అతన్ని క్షమించలేదు. ఈ భాగంలో సినిమా చాలా నిజాయితీగా ఉంది.

తడబడింది తన గురించి మాట్లాడాల్సిన చోట. డీర్ లేక్‌లో ఆ కెమెరా ఎందుకుంది? అద్భుతం జరుగుతుందని, దాన్ని రికార్డ్ చేద్దామని. టికెట్ కొన్న ప్రేక్షకుడి ఆశా అదే. అలీ చుట్టూ మూగిన గుంపులో కెమెరా కూడా ఒక మనిషే. ఆ సంగతి సినిమా గట్టిగా తనను తాను అడగదు. మిగతా అందరి మొహాలూ చూపిస్తుంది, అద్దం మాత్రం తిప్పుకోదు.

1981 డిసెంబర్లో అలీ బహమాస్‌లో ట్రెవర్ బెర్బిక్‌తో మరోసారి తలపడి ఓడిపోయాడు. 1984లో పార్కిన్సన్ లక్షణాలున్నాయని తేలింది. ఒక్క హోమ్స్ పోటీ వల్లే అని చెప్పలేం, సూచనలు అంతకుముందే ఉన్నాయి. అందుకే అది జరగకూడదు అంటాను. ఇక హోమ్స్? అన్నీ కళ్ళారా చూసినవాడే. 1988లో రిటైర్మెంట్ వదిలేసి మైక్ టైసన్ ముందుకెళ్ళి నాలుగో రౌండ్లో పడిపోయాడు. అప్పుడతని వయసు కూడా 38. రింగ్ పక్కన ప్రేక్షకుల్లో అలీ ఉన్నాడు.

ఇంకొకరి పతనం చూసి ఎవరూ నేర్చుకోరని దీంతో తెలుస్తుంది. లోపలున్నవాడికి తన ఆట ముగిసిందని కనిపించదు. అది బయటినుంచి చూసేవాళ్ళు చెప్పాలి. వాళ్ళేమో టికెట్ కొనుక్కుని కూచున్నారు.