గడప దాకా వచ్చిన మనిషికి చట్టం అండ

1897 ఫిబ్రవరిలో, బొంబాయి ప్లేగు రోజుల్లో, బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన అంటువ్యాధుల చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ఆ చట్టం కింద సదుద్దేశంతో పనిచేసినవారి మీద దావా వేయకూడదని నాలుగోది చెబుతుంది. అధికారి మీద కోర్టులో కేసు పడకుండా అంత జాగ్రత్త తీసుకున్నవారికి, ఇల్లిల్లూ తిరిగే చిన్న ఉద్యోగి మీద రాయి పడితే ఏం చేయాలన్న ఆలోచన రాలేదు. ఆ ఏడాది జూన్ 22 రాత్రి పూనాలో ప్లేగు కమిషనర్ ర్యాండ్ మీద చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. అంతకుముందు సైనికులు ఇళ్ళలో దూరి చేసిన సోదాలు ఎలాంటివో చరిత్ర చదివినవారికి తెలుసు. రోగం పేరు చెప్పి గుమ్మంలోకి వచ్చినవాళ్ళను చూసి జనం బెదరడానికి మన దేశంలో పాత కారణాలే ఉన్నాయి. ఈ పుస్తకం ఆ బెదురును కొట్టిపారేయకుండా, దాన్ని అర్థం చేసుకుంటూ మొదలైంది. మొదటి అధ్యాయంలోనే దీని మీద నాకు గురి కుదిరింది అందుకే.

రచయిత్రి నా దగ్గర జూనియర్‌గా పనిచేసిన అమ్మాయి. ఇప్పుడు సొంతంగా క్రిమినల్ ప్రాక్టీసు చేస్తోంది. అప్పటి ఓపిక, అప్పటి పట్టుదల ఈ పుటల్లోనూ కనిపించాయి. ఆపత్కాలంలో విధుల్లో ఉన్నవారి మీద జరిగే నేరాల గురించి, వారికి చట్టం ఇచ్చే రక్షణ గురించి తెలుగులో ఇంత వివరంగా రాసిన పుస్తకం నా కంటపడలేదు.

2020 ఏప్రిల్ నెలను ఆమె ఒక్కో తేదీగా మన ముందు పెట్టింది. ఏప్రిల్ 1న ఇండోర్‌లోని టాట్‌పట్టీ బాఖల్‌లో పరీక్షల కోసం వెళ్ళిన వైద్య సిబ్బందిని రాళ్ళతో తరిమారు. వారిలో ఇద్దరు మహిళా డాక్టర్లున్నారు. అదే రోజు హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో చనిపోయిన రోగి బంధువులు డ్యూటీ డాక్టర్ల మీద చేయిచేసుకున్నారు. 12న పటియాలా కూరగాయల మార్కెట్ దగ్గర కర్ఫ్యూ పాస్ అడిగిన పోలీసు అధికారి చేతిని కత్తితో నరికేశారు. 19వ తేదీ రాత్రి చెన్నైలో, కరోనాతో పోయిన ఒక న్యూరోసర్జన్ శవాన్ని పూడ్చనివ్వకుండా గుంపు అంబులెన్సు మీద దాడి చేసింది. చివరికి తోటి డాక్టరే అర్ధరాత్రి ఆయన్ను ఖననం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడు రోజులకు, 22న, 1897 చట్టాన్ని సవరిస్తూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. సెప్టెంబరులో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. నూట ఇరవై మూడేళ్ళ చట్టంలోకి ఒళ్ళు అలిసేలా పనిచేసేవాడి ఊసు అప్పుడు గాని రాలేదు.

ఆ సవరణలో ఏముందో మామూలు పాఠకుడికి అందేలా చెప్పడం ఈ పుస్తకం చేసిన పెద్ద మేలు. కొట్టడం, బెదిరించడం మాత్రమే హింస కాదు. పనికి అడ్డుపడినా, వారు ఉన్నచోట బతకనివ్వకుండా వేధించినా హింసే. ఆ వసంతంలో డాక్టర్లనూ నర్సులనూ అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్న యజమానులు ఎందరో. వాళ్ళు చేసింది కూడా ఇప్పుడు నేరం కిందికే వస్తుంది. శిక్ష మూడు నెలలకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా, జరిమానా 50 వేల నుంచి 2 లక్షల దాకా. తీవ్రగాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్ళు, జరిమానా లక్ష నుంచి 5 లక్షలు. ఆస్తికి నష్టం చేస్తే మార్కెట్ విలువకు రెట్టింపు కట్టాలి. బెయిలు హక్కుగా రాదు. ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి 30 రోజుల్లో దర్యాప్తు ముగించాలి, విచారణ ఏడాదిలో తేలాలి.

కాగితం మీద ఇది గట్టి చట్టం. ఇది కింది స్థాయిలో ఎక్కడ జారిపోతుందో చూపించిన నాలుగో అధ్యాయం దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. చాలాకాలం పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నిలబడ్డవాణ్ని కనుక, అందులోని ప్రతి వాక్యానికీ నాకు తెలిసిన ముఖం ఒకటి గుర్తొచ్చింది. ఒక ఆశా కార్యకర్తను తీసుకోండి. ఆమెది అదే ఊరు, తరచు అదే వీధి. జ్వరం లెక్క రాసుకోవడానికి వెళ్ళినప్పుడు జుట్టు పట్టి బయటికి నెట్టినవాడు ఆమెకు వరసకు మరిదో, మామో అవుతాడు. స్టేషనుకు వెళితే, అంత చిన్నదానికి పెద్ద సెక్షను దేనికమ్మా అంటూ రైటర్ మామూలు కొట్లాట కేసు రాస్తాడు. సాయంత్రానికి నిందితుడు ఇంట్లో ఉంటాడు. మర్నాడు ఆమె మళ్ళీ అదే గడపకు వెళ్ళాలి, ఎందుకంటే ఆ ఇంటి కోడలికి తొమ్మిదో నెల. ఆ పైన పెద్దమనుషులు వస్తారు. తీవ్రగాయం లేని నేరంలో కోర్టు అనుమతితో బాధితులు రాజీపడవచ్చని ఈ సవరణ చట్టమే ఒప్పుకుంది. ఊళ్ళో ఉండాల్సిన ఆడమనిషి చేత రాజీ కాగితం మీద సంతకం పెట్టించడం ఎంతసేపు? రాజీకి అనుమతి ఇచ్చే ముందు మేజిస్ట్రేట్ ఆమెను ఒంటరిగా పిలిచి మాట్లాడాలని రచయిత్రి రాసిన సూచన ఈ పుస్తకం మొత్తంలో నాకు విలువైనదిగా తోచింది.

వైద్య సిబ్బంది మీద దాడులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2008 నాటి చట్టం ఒకటి ఉంది కదా అని కొందరు అడగవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ఆ చట్టం ఆస్పత్రి ఆవరణను దృష్టిలో పెట్టుకుని రాసినది. మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా వేస్తుంది. ఊరి వీధిలో నిలబడ్డ మనిషికి దాని నీడ అందదు. ప్రభుత్వోద్యోగి మీద దాడి అనే పాత సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 132వది, పెడదామంటే గౌరవ వేతనంతో పనిచేసే ఆశా కార్యకర్త ప్రభుత్వోద్యోగి అవునా కాదా అని డిఫెన్సు వకీలు మొదటి వాయిదాలోనే పేచీ పెడతాడు. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుడిదీ అదే ఇరకాటం.

వరదలు, తుపానుల అధ్యాయం చిన్నదే గాని ఉపయోగం చాలా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేశాక, 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచాక, స్తంభాలెక్కిన లైన్‌మన్లనూ బురద ఎత్తిన మున్సిపల్ కార్మికులనూ మనం చూశాం. మా వీధికి కరెంటు ఎందుకు రాలేదని ఎవరైనా లైన్‌మన్ మీద పడితే అంటువ్యాధుల చట్టం పనికిరాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో విధులకు అడ్డుపడేవారి కోసం 51వ సెక్షను ఉంది, శిక్ష ఏడాది దాకా, ప్రాణాపాయం కలిగితే రెండేళ్ళ దాకా. కానీ అదే చట్టంలోని 60వ సెక్షను ప్రకారం ప్రభుత్వమో అధికార సంస్థో ఫిర్యాదు చేయాలి. లేదా దెబ్బతిన్నవాడు 30 రోజుల ముందు నోటీసిచ్చి కోర్టుకు రావాలి. వరద తీసి, బురద ఆరి, సాక్షులు చెల్లాచెదురయ్యాక ఆ నోటీసు దేనికి? ఈ లోపాన్ని ఇంత స్పష్టంగా ఎత్తిచూపినందుకు రచయిత్రిని మనసారా మెచ్చుకుంటున్నాను.

ఒక విషయంలో ఆమెతో నాకు పేచీ ఉంది. తీవ్రగాయం కేసుల్లో నేరం నిందితుడే చేశాడని కోర్టు ముందుగా భావించాలని, కాదని అతడే రుజువు చేసుకోవాలని సవరణ చట్టం అంటుంది. రచయిత్రి దీన్ని సమర్థించింది. నాకు మింగుడుపడలేదు. ఆపత్కాలంలో గుంపు మీద కేసు పెట్టినప్పుడు పోలీసులు చేతికందిన కుర్రాళ్ళ పేర్లు రాయడం కొత్త కాదు. పైగా 2020లో లాక్‌డౌన్ రోజుల్లో పాలు, కూరగాయలు తెచ్చేవాళ్ళూ డ్యూటీకి వెళ్ళేవాళ్ళూ రోడ్ల మీద లాఠీదెబ్బలు తిన్నారన్న ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. అత్యవసర సేవకుడికి ప్రమాదం అన్ని వైపుల నుంచీ వస్తుంది. సరైన గాయాల సర్టిఫికెట్, ఆ రోజే రాసుకున్న వాంగ్మూలం, స్టేషనుకు రాగానే పడిన సరైన సెక్షను, ఈ మూడూ ఉంటే ప్రాసిక్యూషనుకు ఏ ముందస్తు భావనా అక్కర్లేదు. అవి లేనప్పుడు ఏడేళ్ళ శిక్ష రాసిపెట్టినా సాక్షి ఎదురుతిరుగుతాడు, కేసు కొట్టేస్తారు. ఆమె నా మాట వినకుండా తన వాదన తనదిగానే అచ్చువేయించింది, అది ఆమె హక్కు.

ఇంకొక సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. 2020 సవరణ అంటువ్యాధి ఉన్నంత కాలానికే వర్తిస్తుంది. 2023 మేలో కేరళలో చికిత్స చేస్తున్న యువ డాక్టరును ఒకడు పొడిచి చంపాడు, 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో ఒక డాక్టరు మీద అత్యాచారం, హత్య జరిగాయి. అప్పుడు దేశమంతా ఒకే చట్టం కావాలని డాక్టర్లు రోడ్డెక్కారు. అందుకోసం 2019లో కేంద్రం తయారుచేసిన ముసాయిదా బిల్లు చట్టంగా మారలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య, పురపాలక శాఖల వారికి ఈ ముందుమాట ద్వారా ఒక విన్నపం. సవరణ చట్టంలో ఆరోగ్య సిబ్బంది నిర్వచనం కింద రాష్ట్ర ప్రభుత్వం ఎవరినైనా నోటిఫికేషన్ ద్వారా చేర్చవచ్చు. పారిశుద్ధ్య కార్మికులు, అంబులెన్సు డ్రైవర్లు, శ్మశానంలో పనిచేసేవారు, వీళ్ళందరి పేర్లతో ఆ నోటిఫికేషన్ ముసాయిదాను ఇప్పుడే సిద్ధం చేసి ఉంచండి. అంటువ్యాధి వచ్చిన మొదటి రోజునే అది గెజిట్‌లో రావాలి. అందుకు శాసనసభ కూర్చోనక్కర్లేదు, ఒక్క జీవో చాలు.