వన్ థర్టీ కుర్రాళ్లు

ఈ వారం శ్రీకాకుళం టీ కొట్లో విన్న ఒక్క మాట ఈ కాలమ్ రచయితకి భలే సంతోషం కలిగించింది. టీవీలో ఉక్రెయిన్ యుద్ధం నడుస్తోంది. పొడుగు గొట్టం ఫిరంగి కనబడగానే ఆర్టిలరీలో చేసి రిటైరైన హవల్దారు గ్లాసు కింద పెట్టేశాడు. "అది మన వన్ థర్టీ గదేటి బాబూ!"

వన్ థర్టీ అంటే ఎం-46, 130 మిల్లీమీటర్ల సోవియట్ ఫిరంగి. 1950ల సరుకు. బరువు ఏడున్నర టన్నుల పైమాటే. 33 కిలోల గుండుని 27 కిలోమీటర్లు విసురుతుంది. మనవాళ్లు 1971 పాకిస్తాన్ యుద్ధంలో వాడారు, 1999లో కార్గిల్లోనూ వాడారు. కార్గిల్ పేరంతా స్వీడన్ ఫిరంగి బోఫోర్స్ పట్టుకుపోయిందని ఈ కాలమ్ ఎన్నిసార్లు మొత్తుకుందో పాఠకులకి తెలుసు. మళ్లీ మొత్తుకుంటుంది.

హవల్దారు శిక్షణ గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో. బల్ల మీద రెండు వేళ్లు చాపి, ఇవి ట్రెయిల్ కాళ్లు అన్నాడు. ట్రక్కు నుంచి విప్పాక, వెనక్కి లాగి కట్టిన గొట్టాన్ని ముందుకు తొయ్యాలి. కాళ్లు విడదియ్యాలి. వాటి కొసన ఉన్న స్పేడ్లు నేలలో దిగాలి. రాతి నేలైతే గడ్డపారే గతి. ఇదంతా అయ్యాకే గురిచూసే లేయర్ సైటులో కన్ను పెట్టేది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట బురుజుల్ని కొట్టిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల పనీ ఇంతే: లాక్కురావడం, నిలబెట్టడం, గురిచూడ్డం, కొట్టడం, మళ్లీ లాక్కుపోవడం. ఎడ్ల చోట ట్రక్కు వచ్చింది.

బాగుచేసుకోగలిగిన ఇనుము కలకాలం నిలుస్తుందని ఈ రచయిత నమ్మకం. 2018లో 300 వన్ థర్టీలకి 155 మిల్లీమీటర్ల గొట్టం వెయ్యడానికి ఒప్పందం కుదిరినప్పుడు మురిసిపోయింది అందుకే. శారంగ్ అనే ఆ ఫిరంగి 36 కిలోమీటర్లు దాటి కొడుతుంది.

కానీ హవల్దారు చూపిన పనులన్నీ తిరగేసి చేస్తేగానీ ఫిరంగి చోటు మారదు. ఉక్రెయిన్‌లో పేలిన చోటుని డ్రోన్ పట్టేస్తోంది. ఫిరంగి చుట్టూ ఉన్న కుర్రాళ్లకి రేకు ముక్కంత అడ్డు లేదు. ఫ్రెంచి సీజర్ లాంటి ట్రక్కు ఫిరంగి మాత్రం కొట్టి వెంటనే కదిలిపోతుంది.

మన సైనిక వాహనాల పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ కూడా ట్రక్కు మీద 155 ఫిరంగిని ఎక్కించి చూపింది. ఈ జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్తున్న కుర్రాళ్ల కోసం ముందు కొనాల్సింది దాన్ని. పాత ఫిరంగులకి కొత్త గొట్టాలు తర్వాత వేసుకోవచ్చు.