గుట్ట దీవి అయిన తీరు: లక్నవరం రిసార్టు ప్రారంభ వార్తల భాష

2024 నవంబరులో ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువులో, మూడో దీవిపై నిర్మించిన రిసార్టును మంత్రులు ప్రారంభించారు. ఆ సందర్భంగా తెలుగు పత్రికలు, టీవీ ఛానళ్ళు ఆ స్థలానికి విరివిగా వాడిన పేరు ‘మినీ మాల్దీవులు’. కాటేజీలు, ఈతకొలను, స్పా, చుట్టూ నీళ్ళు ఉన్నాయని చెప్పి, తక్కిన వర్ణనభారమంతా ఆ ఒక్క పేరు మీద మోపారు. ఆ పేరు ఏం చెప్పిందన్నది అందరికీ తెలుసు. దేన్ని చెప్పనివ్వలేదన్నదే ఇక్కడ పరిశీలించదలచిన అంశం.

స్థలాలకు ఇలా అరువు పేర్లు పెట్టడం మన పత్రికలకు కొత్త కాదు. అరకు ఆంధ్రా ఊటీ అయింది, లంబసింగి ఆంధ్రా కశ్మీర్ అయింది. ఇదే ములుగు జిల్లాలోని బొగత జలపాతం తెలంగాణ నయాగరా అయింది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇవి తాద్రూప్య రూపకాలు: ఉపమేయం మరొక ఉపమానంగా నిలుస్తుంది. ‘మినీ’ అన్న విశేషణం చేరడంతో, అప్పయ్య దీక్షితులు కువలయానందంలో చేసిన విభజన ప్రకారం, అది న్యూన తాద్రూప్యమవుతుంది. అంటే లక్నవరం మాల్దీవులే, కాకపోతే కాస్త తక్కువ మాల్దీవులు. పొగుడుతూనే తక్కువ చేసే ఈ పద్ధతిని ఏ విలేకరీ అవమానంగా ఉద్దేశించి ఉండడు. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ పర్యటన తర్వాత చెలరేగిన వివాదంతో మాల్దీవుల పేరు అన్ని పత్రికల్లోనూ నానింది. ఆ పేరు డెస్కుల్లో చేతికందే దూరంలోనే ఉంది.

అయితే రూపకం నిలవాలంటే సాధారణ ధర్మం ఒకటి ఉండాలి. ఇక్కడ చిక్కు వస్తుంది. మాల్దీవులు సముద్రంలో పగడపు దిబ్బలపై ఏర్పడిన దీవులు. వాటి చుట్టూ ఉన్న నీరు ఏ పొలానికీ పారవలసిన పని లేదు. లక్నవరం సంగతి వేరు. కాకతీయ గణపతిదేవుని కాలానిదిగా, అంటే పదమూడో శతాబ్దం నాటిదిగా ప్రసిద్ధమైన ఈ చెరువు కొండల నడుమ సందును కట్టతో మూయడం వల్ల ఏర్పడింది. నీరు పెరిగి లోయ మునిగితే గుట్టల తలలు పైన మిగిలాయి. నేడు ‘దీవులు’ అంటున్నవి ఆ తలలే. అవి దీవులుగా కనిపించడానికి కారణం కట్ట. ఆ కట్ట ఉన్నది ఆయకట్టు కోసం. తూములు తెరిస్తే నీటిమట్టం దిగుతుంది, గట్టు బయటపడుతుంది, దీవి కొంతమేర తిరిగి గుట్ట అవుతుంది. పర్యాటకుడి కంటికి నిండుగా కనిపించవలసిన నీరూ, యాసంగి వరికి పారవలసిన నీరూ ఒకటే. ‘మాల్దీవులు’ అన్న మాట ఈ ఒక్క వాస్తవాన్ని పూర్తిగా కప్పేస్తుంది, ఎందుకంటే సముద్రానికి తూము ఉండదు.

దీన్ని పదజాలంలోనే చూడవచ్చు. వానాకాలంలో జిల్లా పేజీలు చెరువుల గురించి రాసేటప్పుడు మత్తడి, తూము, కట్ట, శిఖం, ఆయకట్టు అన్న మాటలు సహజంగా వస్తాయి. మత్తడి దుంకిందంటే ఏమిటో పాఠకుడికి వివరించనక్కరలేదు. రిసార్టు వార్త దగ్గరికి వచ్చేసరికి చెరువు ‘సరస్సు’గా, గుట్ట ‘దీవి’గా, కట్ట ‘వ్యూ పాయింట్’గా మారుతుంది. పేజీ మారకుండానే భాష మారుతుంది. సరస్సు ప్రకృతిది. చెరువు తవ్వినవారిది, కాపాడినవారిది, దాని కింద సాగు చేసేవారిది.

ప్రాచీన సాహిత్యం చదివినవారికి ఈ మార్పు మరొక రకంగానూ తోచవచ్చు. తటాకం సప్తసంతానాలలో ఒకటి. తవ్వించినవానికి పుత్రుడితో సమానం. అదే మన ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో ఉద్యానం, సలిలక్రీడ, మధుపానం ఉన్నాయి. ప్రారంభ వార్తలు మొదటి సంప్రదాయాన్ని ‘కాకతీయుల కాలం నాటి’ అన్న ఒక్క పదబంధంలో ముగించి, రెండో సంప్రదాయంలోకి హాయిగా దిగుతాయి. తటాకం కేవలం సలిలక్రీడకు వేదిక అవుతుంది. (మధుపానం మాత్రం వార్తలో ఉండదు, ధరల పట్టికలో ఉంటే ఉండవచ్చు.)

ఇక క్రియలు. ఇటువంటి వార్తలు సాధారణంగా ‘ముస్తాబైంది’, ‘రూపుదిద్దుకుంది’, ‘అందుబాటులోకి వచ్చింది’, ‘కనువిందు చేస్తోంది’ అన్న మాటలపై నడుస్తాయి. మొదటి మూడూ అకర్మకాలు; చేసినవాడు కనబడడు. నాలుగోదానిలో చేసేది స్థలమే. పర్యాటక సంస్థకూ ప్రైవేటు నిర్వాహకులకూ మధ్య ఒప్పందం ఏమిటి, ఎన్నేళ్ళకు, రాబడిలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నలు కర్తృపదం ఉంటే తప్ప పుట్టవు. ‘అందుబాటులోకి వచ్చింది’ అన్న చోట ‘ఎవరికి’ అన్న షష్ఠీ విభక్తి లోపించడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. రాత్రి బసకు ఎంతవుతుందో కొన్ని వార్తలు చెబుతాయి. ఆ మొత్తం చెరువు కింద వరినాట్లు వేసే కూలీకి ఎన్ని రోజుల కైకిలి అన్న పోలిక ఎవరికీ తట్టదు. రూపకం దూరదేశాన్ని దగ్గర చేసింది గాని, పక్క ఊరి పోలికకు చోటివ్వలేదు.

ఇందుకు విలేకరులనే తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రారంభోత్సవ వార్తకు ముడిసరుకు చాలావరకు ప్రకటనలు, ప్రసంగాలే, సమయం తక్కువ. పర్యాటకం వల్ల ఉపాధి వస్తుందన్న వాదనా తోసిపుచ్చదగింది కాదు. పడవ నడిపేవారు, వంటవారు, గదులు ఊడ్చేవారు స్థానికులైతే అది మేలే. కానీ ఉపాధి కూడా ఈ వార్తల్లో ఒక ఆశగానే మిగులుతుంది. ఎందరికి, ఏ జీతానికి అన్న వివరంగా మారదు. మేలును నిరూపించడానికైనా కర్త కావాలి.

వేసవి వార్తలను కూడా వీటి పక్కన పెట్టి చదవాలి. నీటిమట్టం తగ్గినప్పుడు పర్యాటక పేజీలో అది ‘వెలవెలబోయిన సరస్సు’ అవుతుంది. అదే నీరు పొట్టకొచ్చిన వరికి చేరినట్టు వ్యవసాయ పేజీలో ఉంటుంది. ఆ రెండు పేజీలు ఒకదాన్నొకటి చదువుకోవు.