తెర కిరుప్రక్కల



సినిమా చూచుట పాపమా యని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు గ్రామ సంఘములలో నన్నడుగనివారు తక్కువ. అడుగువారిలో సగము మంది అంతకు ముందు వారమే చూచి వచ్చినవారై యుందురు. నా చిన్ననాట పెద్దలు చెప్పిన జవాబు "పాపమే" యన్నది. ఆ మాటను వారు నిజముగా నమ్మిరి గనుక వారిని నేను హేళన చేయను. అయినను ఒక్క చిత్రము విషయమున వారే ఆ కట్టు సడలించిరి. అది 1978లో విడుదలయైన "కరుణామయుడు". దానిని గూర్చియు, మనవారు దానిని చూచిన తీరును గూర్చియు ఈ నెల వ్రాయదలచితిని.

ఆ చిత్రమునకు దర్శకులు ఎ. భీమ్‌సింగ్. ఆయన దాని విడుదలను చూడకయే ఆ యేటి ఆరంభముననే కన్నుమూసిరి. క్రీస్తు వేషమును ధరించినవారు విజయచందర్. తరువాత అది హిందీలో "దయాసాగర్" అను పేరను, మరి పలు భాషలలోను మాటలు మార్చుకొని, ప్రొజెక్టరును వెంట తీసికొనిపోవు బృందములతో దేశమందలి పల్లెలను తిరిగినది. మనలో అనేకులు దానిని సినిమాహాలులో గాక ఆరుబయట తెల్లగుడ్డ మీద చూచినవారే.

నేనును అట్లే చూచితిని. కోదాడకు దగ్గర మా ఊరు. అప్పుడు నాకు పన్నెండేండ్లుండును. కోతలైన వరిమడిలో రెండు వెదుళ్లు పాతి గుడ్డ కట్టిరి. ఊరివారు దానికి ఒక ప్రక్కను, మా వాడవారము రెండవ ప్రక్కను కూర్చుంటిమి. అట్లు కూర్చుండుడని ఎవరును చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు. తెర వెనుకనుండి చూచువారికి బొమ్మ తారుమారుగా కనబడును. అక్షరములు తిరుగబడి యుండును, కుడిచేయి ఎడమచేయి యగును. ఆ రాత్రి మాకు కనబడిన క్రీస్తు ఎడమచేతితో దీవించెను. అది తప్పని నాకు చాలకాలము తెలియలేదు.

ఆ యేడే మా చిన్నతమ్ముడు జ్వరముతో పోయెను. వానిని పాతిపెట్టిన దినమున మా అమ్మ ఏడ్వలేదు. నిబ్బరముగల విశ్వాసురాలని పెద్దలు మెచ్చుకొనిరి. పిమ్మట ఆమెకు మాట తగ్గినది, అన్నము తగ్గినది. ఆ రాత్రి సిలువ మోయు ఘట్టము వచ్చినప్పుడు, శుభ శుక్రవారమున నేటికిని మన గుడులలో పాడు ఆ పాట వినబడుచుండగా, ఆమె కొంగు నోట కుక్కుకొనెను. అదియు చాలక బిగ్గరగా ఏడ్చెను. ప్రక్కనున్న స్త్రీలు ఆమెను పట్టుకొని తామును ఏడ్చిరి. మరునాటి ఉదయమున పొయ్యి రాజేయుచు తమ్ముని పేరెత్తి మాటాడెను. నాలుగు నెలలలో అదే మొదటిసారి.

దీనిని నేను చిన్న మేలుగా నెంచను. మా సంఘపు ప్రసంగములు ఆమెకు ఓర్పును నేర్పినవి గాని ఏడ్చుటకు చోటియ్యలేదు. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెనని ప్రసంగించుచునే, ఏడ్వని స్త్రీని మెచ్చుకొనుచుంటిమి. చెరువు నిండి పొంగినప్పుడు నీరు పోవుటకు దారి యిచ్చుటయే దానికి రక్ష యను పోలికను భవభూతి ఉత్తరరామచరితమున శోకమునకు చెప్పెను. అలుగు లేని చెరువు కట్ట ఏమగునో మన రైతులకు నేను చెప్పవలెనా? సినిమా మా అమ్మకు అలుగైనది. చీకటిలో ముఖము కనబడదు. పరుల దుఃఖమనెడి నెపము చేతిలో నున్నది. నీ వెందుకేడ్చుచున్నావని ఎవరు నడుగరు.

పదిమందితో కలిసి చూచుటలోను ఒక మేలున్నది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు రాబిన్ డన్‌బారును, ఆయన తోడివారును 2016లో ప్రకటించిన పరిశోధనలో, మనసును కదిలించు చిత్రమును కలిసి చూచినవారు బాధను మునుపటికంటె ఎక్కువ ఓర్చుకొనిరి. ప్రక్కవారితో తమకు బంధమున్నదనియు భావించిరి. ఓర్పును పరీక్షించుటకు, కుర్చీ లేకుండ గోడకు వీపానించి కూర్చున్నట్లు నిలువుమనిరట. మన నాట్లు వేయు స్త్రీలకు ఆ పరీక్ష పెట్టియుండిన యెడల లెక్కలు తప్పియుండును.

అయితే కథ ఇంతటితో ముగియలేదు. ఆ రాత్రి తెర కావలిప్రక్కను గూడ ఏడ్పు వినబడినది. వారును మనస్ఫూర్తిగా ఏడ్చిరి. అది నటన యని నేననను. చిత్రము ముగిసిన పిమ్మట వారు తమ దారిని, మేము మా దారిని పోతిమి. మరునాడు టీ హోటలులో మా గ్లాసు ఎప్పటివలె వేరుగనే యుండెను.

అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథమున, కార్తేజి పట్టణములో తాను యౌవనమున నాటకశాలకు పోయి కల్పిత దుఃఖములకు ఏడ్చుటను తలచుకొని సిగ్గుపడెను. చూచువానిని అక్కడ సహాయము చేయుమని పిలువరు, దుఃఖించుమని మాత్రమే పిలుతురని ఆయన ఫిర్యాదు. సెమినరీలో చదివినప్పుడు అది ముసలివాని కఠినత్వముగా తోచెను. ఆ గ్లాసు జ్ఞాపకము వచ్చిన తరువాత అట్లు తోచలేదు.

తప్పులో కొంత చిత్రమునకును చెందునని నా అభిప్రాయము. "కరుణామయుడు" మనలను తల్లి ప్రక్కననే కూర్చుండబెట్టును. కొరడా పట్టిన సైనికుడు మనకు చుట్టము కాడు. నాతాను దావీదునకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ అట్టిది కాదు. విన్నవాడు కోపముతో తీర్పు చెప్పిన పిమ్మట ఆ తీర్పు తనమీదికే తిరిగెను. తిరుగుట యన్నది మన భక్తి చిత్రములలో అరుదు. గౌతమ్ ఘోష్ తీసిన "మా భూమి"ని సూర్యాపేటలో చూచిన ఒక ముసలి రైతు నాతో అన్న మాట నేటికిని మరువలేను: "ఏడుపు రాలే అయ్యగారూ, వెట్టి యాదికొచ్చింది." అది మన నల్లగొండ నేలను కుదిపిన సాయుధ పోరాటపు చిత్రము.

ఇంకొక మాట. విజయచందర్ 1986లో శిరిడీ సాయిబాబా వేషము వేసినప్పుడు మన విశ్వాసులలో కొందరు నొచ్చుకొనిరి. నటుని ముఖమును ప్రభువు ముఖమని పూజించినది ఎవరు? "మాయాబజార్"లో రామారావుగారి కృష్ణుని చూచి హారతులిచ్చినవారిని నవ్విన మనమే గదా! ఫాల్కేగారు బొంబాయిలో క్రీస్తు జీవిత చిత్రమును చూచుచు మనసున కృష్ణుని చూచెనట; అందుండియే 1913లో "రాజా హరిశ్చంద్ర" పుట్టినది. తెరమీద నున్నదొకటి, చూచువాడు తెచ్చుకొనునది వేరొకటి.

కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసుకు ముందు, మిర్యాలగూడ దగ్గరి గ్రామమొకదానిలో గుడిగోడకు సున్నము వేయించి అదే చిత్రమును చూపించితిమి. గోడకు వెనుకప్రక్క లేదు గనుక అందరును ఒకే ప్రక్క కూర్చుండవలసి వచ్చెను. ఊరివారు కొందరు వచ్చి, తమ కుర్చీలు తామే తెచ్చుకొని అంచున వేసికొనిరి. అదియు చూచితిని. పిల్లలు నడుమనడుమ సెల్‌ఫోనులు చూచుకొనుచుండిరి. ముందు వరుసలో మా సంఘపు ముసలమ్మ యొకతె కూర్చుండెను; తన కోడలితో మూడేండ్లుగా ఆమెకు మాటలు లేవు. సిలువ ఘట్టమున ఆమె భుజములు కదలుట వెనుకనుండి కనబడినది. దీపములు వేసిన తరువాత కోడలు వెనుక వరుసనుండి వచ్చి, అత్త కూర్చున్న చాపను చుట్టి చంకనబెట్టుకొని, "పోదాం పా అత్తమ్మా" అనెను. ఆమె బదులు పలుకలేదు. చెప్పులు వెదకుకొని కోడలి వెంట నడిచెను.