శేషప్ప గడుసు వినయం

ధర్మపురికి పోతే యమపురి ఉండదని మా దిక్కు మాట. యముడే ఇక్కడుంటే అక్కడిదాకా పోయే పనేముంది? గోదావరి ఒడ్డున, లక్ష్మీనరసింహస్వామి ఆలయంలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. భక్తులు గండదీపంలో నూనె పోసి గండాలు తప్పించమని మొక్కుతారు. అందరూ ఆయుష్షే అడుగుతారు. బుద్ధి అడిగినవాణ్ని నేనింకా చూడలేదు.

ఆ ఊరి కవే నరసింహ శతకం రాసిన శేషప్ప. మొదట్లోనే స్వామికి చెప్పేస్తాడు: గణాలూ యతిప్రాసలూ ఎరగను, పంచకావ్యాలు చదవలేదు, అమరం చూడలేదు అని. ఈ మాట చెప్పిందేమో నికార్సైన సీసపద్యంలో! ఇంత గడుసు వినయం నేను మరెక్కడా చదవలేదు. మన వినయాలూ ఇంతే. ‘నాదేముందండీ’ అన్న పెద్దమనిషితో ‘అవునండీ’ అని చూడండి, మళ్లీ మన గడప తొక్కడు.

పిసినారికీ ఆయన ఒక పద్యం పెట్టాడు. పుట్టేటప్పుడు ఎవడూ ధనం తేలేదు, పోయేటప్పుడు వెంట రాదు, తేనెటీగలు కూడబెట్టిన తేనె చివరికి బాటసారుల పాలే అని. ఆ పద్యం బడిలో అప్పజెప్పినవాళ్లం కోకొల్లలం. అది వింటే ఎవరికైనా గుర్తొచ్చేది బావమరిది, తన బీరువా కాదు. నీతిపద్యాలకున్న తిప్పలే ఇవి. మనం వింటాం, పక్కింటాయనకు అంటగడతాం.

ఈ తిప్పలకు శేషప్ప దగ్గర ఉపాయం ఉంది. అవసరమైనచోట తననే బోనులో నిలబెట్టుకుంటాడు. యమదూతలొచ్చి ప్రాణాలు పెకలించే వేళ, కఫం కమ్ముకున్న వేళ నిన్ను తలుస్తానో లేదో, అందుకే ఇప్పుడే తలుస్తున్నానంటాడు. రేపటి తన మీద తనకు నమ్మకం లేదని ఒప్పుకున్న మనిషి. మనకేమో ఆ నమ్మకం దండిగా ఉంటుంది. అన్నతో మాటలు కలపడం పండక్కి, అప్పు తీర్చడం పంటకి, దైవచింతన రిటైరయ్యాక.

ఇప్పుడు పొద్దు పొడవక ముందే వాట్సాప్‌లో సూక్తులు దిగుతున్నాయి. కోపం వద్దు, ఆశ వద్దు, అహంకారం అసలే వద్దు. పంపినాయనకు వాటిలో ఒక్కటీ వర్తించదు, అన్నీ మనకే. అయ్యలారా, అమ్మలారా, ఒక్క విన్నపం. పంపేముందు ఆ సూక్తిలో ‘నువ్వు’ ఉన్నచోట ‘నేను’ పెట్టి చదువుకోండి. అప్పటికీ పంపాలనిపిస్తే నిక్షేపంగా పంపండి.