ప్రశ్నకు చోటున్న గది

మా వినుకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటర్ పాసై నరసరావుపేటకో గుంటూరుకో చదువుకు వెళ్లే పిల్లల సామాన్లో ఒక బైబిల్ ఉండడం మామూలే. అమ్మ సర్దుతుంది. బట్టల అడుగున, నిమ్మకాయ పచ్చడి డబ్బా పక్కన దానికో చోటు చూస్తుంది. డిగ్రీ పూర్తయ్యేనాటికి ఆ పుస్తకం కొందరి దగ్గర అట్ట ఊడి, గీతలతో నిండి ఉంటుంది. కొందరి దగ్గర కొన్ననాటిలాగే మెరుస్తూ ఉంటుంది. ఈ తేడా భక్తిలోని ఎక్కువ తక్కువల వల్ల వచ్చిందని మన పెద్దలు అనుకుంటారు. నేనలా అనుకోను. ఆ పిల్లవాడికి కాలేజీలో ఎలాంటి సహవాసం దొరికిందన్నదే చాలావరకు తేలుస్తుంది.

కొన్నేళ్లుగా హాస్టల్ గదుల్లో జరిగే విద్యార్థి కూటాలకు పెద్దవాడిగా వెళ్లి కూర్చుంటున్నాను. కూర్చోవడమే నా పని, మాట్లాడడం వాళ్లది. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా, మన పిల్లల నోట ఇ.యు., 1954లో మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ హెచ్. ఈనోక్ వంటి వారు దాని తొలితరం పెద్దలు. అంతకు ముందే, 1912లో, స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఈ దేశంలో వేళ్లూనుకుంది. వేదాంత దృష్టిలో రెండింటికీ తేడాలున్నా ఒక విషయంలో ఏకమే: కాలేజీలో పని కాలేజీ పిల్లలే చెయ్యాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, పాటలు ఎత్తుకునేవాడు, గదిలో చాప పరిచేవాడు, అందరూ విద్యార్థులే. చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్లు కానుకలిస్తారు, క్యాంపులకు వచ్చి వంట దగ్గర నిలబడతారు. పాస్టరుగారుండరు, మైకుండదు, తబలా ఉండదు.

మైకు లేకపోవడం చిన్న సంగతి కాదు. మన పల్లెల్లో కూటమంటే రాత్రి పదింటి దాకా సాగే ప్రసంగం. వినేవాడికి అందులో ప్రశ్న వేసే సందు ఉండదు. హాస్టల్ గదిలో ఆరుగురు రెండు మంచాల మీద, నేల మీద సర్దుకుని కూర్చుంటే ప్రసంగం చెయ్యబోయినవాడికే సిగ్గేస్తుంది. అక్కడ నడిచేది బైబిల్ స్టడీ ఒక్కటే. ఒక భాగం చదవడం, అందులో ఏముందో చూడడం, దాని అర్థమేమిటో ఆలోచించడం, మనమేం చెయ్యాలో మాట్లాడుకోవడం. నడిపించేవాడి ప్రతిభంతా ముందురోజు రాత్రి రాసుకునే ప్రశ్నల్లోనే ఉంటుంది. అవునో కాదో అని తేలిపోయే ప్రశ్న పనికిరాదు. జవాబు ముందే కడుపులో పెట్టుకుని అడిగే ప్రశ్న అంతకన్నా పనికిరాదు. పిల్లలు దాన్ని ఇట్టే పసిగట్టి, గురువుగారికి కావాల్సిందే అప్పజెప్పేస్తారు.

ఒక సాయంత్రం మార్కు సువార్త రెండో అధ్యాయం చదువుతున్నారు. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, జనం మధ్య దారి దొరక్క, ఇంటి పైకప్పు తీసి యేసు ముందుకు దించిన కథ. నడిపించే కుర్రాడు ఫైనలియర్. విశ్వాసం గురించి మంచి ప్రశ్నలే రాసుకొచ్చాడు. అంతలో ఫస్టియర్ పిల్లవాడొకడు అడ్డుకున్నాడు.

"అన్నా, కప్పు పీకేశారు సరే, ఆ ఇంటాయన సంగతేంది?"

అందరూ నవ్వారు. కుర్రాడు మాత్రం తన కాగితం పక్కన పెట్టి, "నువ్వేమనుకుంటున్నావురా?" అన్నాడు. బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన ఇంకొకడు అందుకున్నాడు. "మా అమ్మమ్మ వాళ్లది మట్టి మిద్దే అన్నా. పార ఉంటే బొక్క పెట్టడమెంతసేపు? మళ్లీ కప్పి, వానకు కారకుండా చేసుకునేటప్పుడు తెలుస్తది బాధ." ఇంకొకడు లూకా సువార్త తిప్పి, అక్కడ పెంకులు తీశారని ఉందే అన్నాడు. సరే, రెండూ రాసుకోండి అన్నాడు నడిపించేవాడు. ఆ గదిలోనే మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న రూమ్మేట్ ఒకడున్నాడు. వాడు క్రైస్తవుడు కాదు, కూటానికీ రాలేదు, అది వాడి గది కాబట్టి ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు: "అంత దూరం మోసుకొచ్చినోళ్లు పొద్దున్నే వచ్చి కప్పేసి పోయుంటార్లే."

కథలో లేని మాట అది. కానీ ఆ నలుగురు ఎలాంటివాళ్లో ఆ రోజు అందరికంటే బాగా చూసినవాడు వాడే. అక్కణ్ణుంచి మాట దానంతటదే సాగింది. యేసు చూసింది రోగి విశ్వాసాన్నా, మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్నా? మనకోసం కప్పు తీసే స్నేహితులు ఎందరున్నారు? మనం తీసిన కప్పులు మళ్లీ కప్పామా? నేను నోరు విప్పలేదు. విప్పి ఉంటే అదంతా ఆగిపోయేది.

క్యాంపస్‌లో సువార్త అనగానే రెండు వైపుల నుంచీ అనుమానాలు లేస్తాయి. మతం మార్చడానికి వచ్చారని బయటివాళ్లు, ఇంతవరకు ఎంతమందిని మార్చారని లోపలివాళ్లు. ఇద్దరూ అడిగేది లెక్కే. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కిచ్చింది. ప్రచారం చేసే హక్కులో ఎదుటివాణ్ణి మార్చే హక్కు కలిసి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. దాని మీద న్యాయవాదులు ఇప్పటికీ వాదించుకుంటారు. హాస్టల్ గదిలో మాత్రం ఆ గీత నాకు సరిగ్గానే కనిపిస్తుంది. చెప్పడం నా వంతు, తేల్చుకోవడం వాడి వంతు.

దీన్ని మన ప్రాంత చరిత్రే ఎప్పుడో నేర్పింది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న వేలమందికి, ముఖ్యంగా మాదిగలకు, అక్కడ కూలి దొరికింది. ఆ కరవు పనులు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. కూలి కోసం వచ్చారా, క్రీస్తు కోసం వచ్చారా అన్నది కలగాపులగం కాకూడదని. పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మన చర్చిల్లో ఏటా చెప్పుకుంటారు. అంతకు ముందు పాటించిన ఆ నిగ్రహాన్ని చెప్పేవాళ్లు తక్కువ. 1880ల మొదట్లో ఒంగోలు క్షేత్రాన్ని విడగొట్టినప్పుడు వినుకొండ విడిగా మిషన్ కేంద్రమైంది. కాబట్టి ఆ పాఠం మనకు వారసత్వంగా వచ్చినట్టే.

క్యాంపస్‌లో ఈ నిగ్రహం చిన్న చిన్న పనుల్లో కనిపించాలి. నోట్స్ ఇచ్చినందుకు కూటానికి రమ్మనకూడదు. ఫీజుకు అప్పిచ్చినవాడు ఆ సంగతి ప్రార్థనలో ఎత్తకూడదు. జ్వరమొస్తే మనం ఆస్పత్రికి తీసుకెళ్లినవాణ్ణి ఆదివారం చర్చికి రాలేదేమని నిలదీయకూడదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య తెల్ల మిషనరీల ముందే లేచి, మీరు మా కోసం ఎంతో ఇచ్చారు గానీ మాకు స్నేహం కావాలని అడిగాడు. అప్పటికే ఆయన దోర్నకల్‌లో పనిచేస్తున్నాడు. 1912లో అక్కడే బిషప్ అయ్యాడు. ఆయన అడిగిన స్నేహం ఇంకా మనకు పూర్తిగా అలవాటు కాలేదు.

ఇంకో సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. వారికి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది, కానీ కేంద్రం ఉత్తర్వు మారలేదు. ఈ చట్టం నీడలో పెరిగిన పిల్లవాడు కూటానికొచ్చి వెనక గోడకానుకుని కూర్చుంటాడు. పేరు రాయమంటే తటపటాయిస్తాడు. వాడి భయం పిరికితనం కాదు, వాడి స్కాలర్‌షిప్పు, వాడి ఇంటి అన్నం. కూటం నడిపేవాళ్లు మొట్టమొదట నేర్చుకోవాల్సిన మర్యాద ఏమిటంటే ఎవరి ఫొటోలూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకపోవడం, ఎవరి కుల సర్టిఫికెట్టూ అడగకపోవడం.

ఇదంతా వినుకొండలో కూర్చుని రాస్తూ కవి జాషువాను తలుచుకోకుండా ఉండలేను. 1895 సెప్టెంబరు 28న ఈ ఊళ్లోనే, క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాడు. పద్యం చదివితే అంటరానివాడు సభలోకెలా వచ్చాడని అగ్రవర్ణాలవారు అవమానించారు. పురాణ కథలు రాస్తే మనవాడివై ఉండి ఇవేం రాతలని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. అంత జరిగాక కూడా ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వెలివేసిన పెద్దలు చేసినట్టు గదిలోంచి పంపేసే బదులు, "నువ్వేమనుకుంటున్నావురా?" అని అడిగేవాళ్లు ఆనాడు ఆయన చుట్టూ ఎందరున్నారు?

జూన్ వస్తే కాలేజీలు తెరుస్తారు. పాస్టర్లకు, తల్లిదండ్రులకు నా మనవి ఇది. పిల్లవాణ్ణి పంపేముందు ఎవరితో తిరగకూడదో జాబితా చెప్పకండి. అక్కడ అడిగినదానికి కోప్పడని కూటం ఎక్కడుందో కనుక్కుని చెప్పండి. చదువు ముగించి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకు ఇంకో మాట. వారానికొక సాయంత్రం మీ పాత హాస్టల్‌కు వెళ్లి ఆ పిల్లల మధ్య కూర్చోండి. పాఠం చెప్పబోకండి, వినండి. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడు దేవుడి మీద అనుమానం బయటపెడితే వాణ్ణి చర్చి నుంచి దూరం చెయ్యకండి. అలా దూరం చేసి ఈ ఊరు ఒకసారి ఎంత పోగొట్టుకుందో మనకు తెలుసు.