అమ్మకానికి పెట్టిన ఆకాశం

కంప్యూటర్ ఆటలను విమర్శకులు పట్టించుకోవడం అవసరమా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. అవసరమే. ప్రజల కలలు యెక్కడ రూపు కడుతున్నాయో విమర్శకుడు అక్కడికి పోవాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివే యువతరం నవలకు ఇచ్చే పొద్దు కంటె ఆటకు ఇచ్చే పొద్దు యెక్కువ. అందుకే "స్టార్ సిటిజన్" అనే అంతరిక్ష క్రీడను, ఉచితంగా ఆడనిచ్చే రోజులలో, ఎల్.బి.నగర్‌లోని వొక విద్యార్థి గదిలో కొన్ని రాత్రులు ఆడి చూశాను.

1990లో "వింగ్ కమాండర్" అనే ఆటతో పేరు తెచ్చుకున్న క్రిస్ రాబర్ట్స్ దీనిని 2012 అక్టోబరులో ప్రకటించాడు. పెద్ద ప్రచురణ సంస్థల పెత్తనం లేకుండా, ఆడేవాళ్ల సొమ్ముతోనే ఆట తయారవుతుందన్నాడు. 2014లో చేతికి వస్తుందన్నారు. నేటికీ అది నిర్మాణంలోనే వున్నది. ఆడేవాళ్ల నుంచి వచ్చిన సొమ్ము మాత్రం 2024లోనే 70 కోట్ల డాలర్లు దాటింది.

ముందు మంచిని మంచి అనాలి. ఆటగాడు గదిలో మంచం మీద నుంచి లేచి, రైలెక్కి, ఓడరేవుకు పోయి, తన ఓడను పిలిపించుకుని, నేలను వదిలి గ్రహాన్ని దాటిపోతాడు. యెక్కడా తెర పడదు. విశ్వం యెంత పెద్దదో లెక్కల్లో కాక కాలినడకలో తెలుస్తుంది. సరుకు పెట్టెలను చేతులతో మోయాలి. పెద్ద ఓడను నడపాలంటే పదిమంది కలవాలి. గాయపడినవాణ్ణి కాపాడడానికి ముక్కూ మొగం తెలియనివాళ్లు గ్రహాలు దాటి వస్తారు. మనిషి వొంటరిగా గొప్పవాడు కాలేడన్న సత్యం యిక్కడ ఉపన్యాసంగా కాక అనుభవంగా వున్నది.

కాని ఆ ఆకాశం యెవరిది? కథ మొదలయ్యే స్టాంటన్ మండలంలో నాలుగు గ్రహాలనూ ప్రభుత్వం నాలుగు కంపెనీలకు అమ్మివేసింది. హర్‌స్టన్ గ్రహం ఆయుధాల కంపెనీ సొత్తు. గనుల తవ్వకంతో నేలా గాలీ పాడైపోయాయి. వస్తువు యెంతో పదునైనది. అయితే ఆట దానిని దృశ్యంగా చూపి వదిలేస్తుంది. లోర్‌విల్ నగరపు రైలులో కార్మికుల పక్కనే ప్రయాణిస్తాం. వారి పక్షాన చేయగలిగింది మాత్రం యేమీ లేదు. కంపెనీల రాజ్యం అక్కడ చరిత్ర కాదు, వాతావరణం.

వస్తువులోని యీ లోపం యాదృచ్ఛికం కాదు; ఆట పుట్టిన ఆర్థిక సంబంధాలలోనే దాని వేరు వున్నది. యిక్కడ ఓడలను అసలు డబ్బుకు అమ్ముతారు. కొన్నింటిని యింకా తయారు కాకముందే, బొమ్మ చూపి అమ్ముతారు. 2018లో వందకు పైగా ఓడలను మూటకట్టి 27,000 డాలర్ల ధర పెట్టారు. వెయ్యి డాలర్లు ఖర్చు చేసినవారికే ఆ మూట కనిపించేది.

ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోయేవారికి యీ వ్యాపారం కొత్త కాదు. దానిని ప్రీలాంచ్ అంటారు. పునాది తవ్వకముందే బ్రోషర్ చూపి ఫ్లాటు అమ్మడం. అయితే అక్కడ రెరా అని పిలిచే 2016 నాటి చట్టం వొకటి వున్నది. దాని ప్రకారం నమోదు కాని పెద్ద కట్టడాన్ని అమ్మకానికి ప్రకటించరాదు. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ధరలో పదోవంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. గడువు దాటితే కొన్నవాడు వైదొలగి వడ్డీతో సొమ్ము అడగవచ్చు. అమలు సంగతి యెలా వున్నా, హక్కు కాగితం మీదనైనా వున్నది. ఆకాశంలో ఓడ కొన్నవాడి చెల్లింపుకు మాత్రం "కొనుగోలు" అనే పేరే లేదు. అది "ప్రతిజ్ఞ" అట!

చందా అంటే మనకు తెలుసు. సంఘానికి చందా ఇచ్చినవాడు మహాసభలో లేచి లెక్క అడుగుతాడు, ఓటు వేస్తాడు. యిక్కడ జరిగినది చూడండి. 2018లో 4.6 కోట్ల డాలర్లు పెట్టిన బయటి పెట్టుబడిదారులకు సంస్థలో వాటా దక్కింది. అప్పటికే 20 కోట్లు దాటి ఇచ్చిన ఆటగాళ్లకు దక్కినవి ఓడలు, కొన్ని ఓడల బొమ్మలు. పెత్తనం లేని కళ అన్న నినాదం చివరకు యజమానిని మార్చింది గాని, యాజమాన్యాన్ని మార్చలేదు.

డబ్బు పెట్టినవాళ్లు మూర్ఖులని నవ్వేవారితో నేను యేకీభవించను. మార్కెట్ ఇవ్వని గొప్ప కళను తామే కలిసి నిర్మించుకోవచ్చునని వారు నమ్మారు. ఆ నమ్మకం సమష్టి తత్వానిది, దానికి సిగ్గుపడవలసింది లేదు. గొప్ప పనికి కాలం పడుతుందని, ఓపిక పట్టమని చెప్పేవారితోనూ యేకీభవించను. కాలం పట్టడం నిజమే. 2024 డిసెంబరులో రెండవ నక్షత్ర మండలం తెరుచుకున్నది, అందులో వందలాది శ్రామికుల నైపుణ్యం వున్నది. ఆలస్యం నేరం కాదు. ఆలస్యాన్నే అంగడిగా మార్చుకోవడం నేరం. పూర్తయిన వస్తువు కంటె పూర్తికాని వాగ్దానం యెక్కువ లాభం తెస్తున్నప్పుడు, పూర్తిచేయాలన్న తొందర యెవరికి వుంటుంది?

దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద ఉద్యోగాన్ని, మెట్రో స్తంభాల మీద ఇంటిని, తెర మీద నక్షత్రాన్ని ముందుగానే అమ్ముతున్న కాలమిది. మన విద్యార్థులు కల కనడం మానుకోవాలని నేను అనను. కలకు సొమ్ము కట్టినచోట లెక్క అడగడం, వాటా అడగడం, గడువు అడగడం నేర్చుకోవాలి. వాగ్దానాన్ని కాక చేతికి వచ్చిన కృతిని తూచడమే విమర్శకుని పని. చేతికి వచ్చినంతలో యీ ఆట మనుషులు కలిసి పనిచేయడంలోని ఆనందాన్ని చూపింది. ఆ ఆనందపు ఫలం యెవరికి చేరాలన్న ప్రశ్నను మాత్రం ఆడేవాళ్లకే వదిలేసింది.